నార్వే ఫ్యోర్డులకు అమ్మానాన్నలతో ప్రయాణం: ఏర్పాట్లు చేసుకున్న తీరు

నార్వే పడమటి తీరంలోని ఫ్యోర్డులను, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలను, చూడాలనుకునేవారు ఎవరైనా నన్ను అడిగితే ముందుగా చెప్పే మాట ఒక్కటే: ఏదో ఒక ఫ్యోర్డును ఎంచుకొని, దాని ఒడ్డున కొన్ని రాత్రులు ఉండేలా ప్రయాణాన్ని కట్టుకోండి. అమ్మానాన్నలను తీసుకొని సోగ్నెఫ్యోర్డ్ ప్రాంతానికి వెళ్లడానికి నెలల తరబడి చేసుకున్న ఏర్పాట్లలో నేను తీసుకున్న ప్రతి నిర్ణయమూ, కాలం ఎంపిక నుంచి వంటగది ఉన్న బస వరకూ, ఆ మాట చుట్టూనే తిరిగింది.

మా వెతుకులాట హైదరాబాద్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీ చేతికిచ్చిన ప్యాకేజీ కాగితంతో మొదలైంది. కోపెన్‌హేగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకీ, ఓస్లో అన్నీ అందులో ఉన్నాయి. ఫ్యోర్డు కూడా ఉంది కానీ, ఒక మధ్యాహ్నం పూట బోటు షికారుగా మాత్రమే. రాజధానులన్నీ ఒకే ప్రయాణంలో చూడాలనుకునేవారికి అది తగిన ఏర్పాటే. మా అమ్మ కోరిక మాత్రం వేరు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి రిటైరైన ఆవిడ, ఏటా నల్లబల్ల మీద సుద్దముక్కతో ఫ్యోర్డు బొమ్మ గీసి పిల్లలకు వివరించేది. ఆ కాగితం చదివి పక్కన పెట్టి, "ఊళ్లు ఎక్కడైనా ఉంటాయి తల్లీ, నాకు ఆ నీళ్ల పక్కన నాలుగు పూటలు తీరిగ్గా కూర్చోవాలని ఉంది" అంది. దాంతో ప్యాకేజీ ఆలోచన మానుకొని ఏర్పాట్లన్నీ నేనే చేయడానికి పూనుకున్నాను.

ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు అమ్మ చెప్పిన పాఠంలోనే దొరికింది. మంచుయుగాల్లో కొండల మీద పేరుకున్న హిమానీనదాలు లోయలను యూ ఆకారంలో తొలుచుకుంటూ సముద్రం వైపు జారాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక, సముద్ర మట్టానికి ఎంతో దిగువ వరకూ తొలిచి ఉన్న ఆ లోయల్లోకి సముద్రపు నీరు వచ్చి చేరింది. సోగ్నెఫ్యోర్డ్ ఇలా 200 కిలోమీటర్లకు పైగా భూమి లోపలికి చొచ్చుకు వస్తుంది, దాని అత్యధిక లోతు 1,300 మీటర్లు దాటుతుంది. ప్రధాన హిమానీనదం తొలిచినంత లోతుగా పక్కనుంచి వచ్చి కలిసిన చిన్నవి తొలచలేకపోయాయి కాబట్టి ఆ పక్క లోయలు ఇప్పటికీ కొండగోడల మీద ఎత్తున వేలాడుతున్నట్టు ఉంటాయి, వాటి వాగులు జలపాతాలై కిందికి దూకుతాయి. ఆ వాగులకు నీళ్లిచ్చేది పైన పీఠభూముల మీద కరిగే మంచు. అంటే జలపాతాలను నిండుగా చూడాలంటే మే మధ్య నుంచి జూన్ చివరి లోపు వెళ్లాలి. ఆగస్టు వచ్చేసరికి చాలా ధారలు సన్నబడతాయి. జూలైలో నార్వే బడులకు సెలవులు, జనం ఎక్కువ. సెప్టెంబరులో ఆకుల రంగులు మారతాయి, రద్దీ తగ్గుతుంది, అయితే వేసవిలో మాత్రమే తిరిగే కొన్ని బోట్లూ బస్సులూ అప్పటికి తగ్గిపోతాయి. మే 17 ఆ దేశపు రాజ్యాంగ దినోత్సవం. ఊరేగింపులు చూడడానికి అది గొప్ప రోజు, ప్రయాణాలు పెట్టుకోవడానికి మాత్రం అనువైనది కాదు. ఇవన్నీ చూసుకొని జూన్ మొదటి సగాన్ని ఖాయం చేశాను.

ఇక్కడ మన బంధుమిత్రులు తరచూ అడిగే రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడం అవసరం: రాత్రంతా అస్తమించని సూర్యుడు కనిపిస్తాడా, ఆకాశంలో ధ్రువకాంతులు కనిపిస్తాయా అని. అర్ధరాత్రి సూర్యుడు ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, ట్రోమ్సో వంటి చోట్ల కనిపిస్తాడు; సుమారు 60 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న పడమటి తీరపు నగరం బర్గెన్‌లో జూన్ నెలలో రాత్రి పదకొండు దాకా వెలుతురు ఉంటుంది కానీ సూర్యుడు అస్తమిస్తాడు. ధ్రువకాంతులు చీకటి రాత్రుల్లోనే కనిపిస్తాయి కాబట్టి వాటికి చలికాలపు ప్రయాణం వేరుగా పెట్టుకోవాలి. ఫ్యోర్డులు, అర్ధరాత్రి సూర్యుడు, ధ్రువకాంతులు, ఈ మూడింటినీ ఒకే సెలవులో కలపాలని చూస్తే ఏదీ సవ్యంగా కుదరదు.

తర్వాతి పని ఫ్యోర్డును ఎంచుకోవడం. హర్దాంగర్‌ఫ్యోర్డ్ ఒడ్డున పండ్ల తోటలు ఉంటాయి, మే నెలలో ఆపిల్ చెట్లు పూతకు వస్తాయి. కానీ అక్కడ అందరూ చెప్పుకొనే ట్రోల్‌తుంగా బండ దాకా చేరాలంటే రోజంతా కొండదారిలో నడవాలి. లీసెఫ్యోర్డ్ పైన 604 మీటర్ల ఎత్తున ఉన్న ప్రైకెస్టోలెన్ శిలకు దారి అంతకంటే చిన్నదే అయినా రాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ సాగేది, అమ్మ మోకాళ్లకు అది పనికిరాదు. గైరాంగర్‌ఫ్యోర్డ్, సోగ్నెఫ్యోర్డ్‌కు పాయ అయిన నారొయ్‌ఫ్యోర్డ్ రెండింటినీ యునెస్కో 2005లో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గైరాంగర్‌కు రైలు లేదు, బస్సులూ ఫెర్రీలూ మారుతూ చేరాలి. నారొయ్‌ఫ్యోర్డ్‌కు మాత్రం ఓస్లోలో రైలెక్కినవారు కారు అవసరమే లేకుండా రైలు, బోటు, బస్సు, మళ్లీ రైలుగా బర్గెన్ దాకా వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఇంతకంటే బలమైన కారణం నాకు కనిపించలేదు.

ఈ దారిని నార్వే ఇన్ ఎ నట్‌షెల్ అన్న పేరుతో ఒకే టికెట్టుగా అమ్ముతారు, చాలామంది దాన్ని ఉదయం మొదలుపెట్టి రాత్రికి ముగిస్తారు. అందులోని భాగాలన్నీ విడివిడిగా కొనుక్కోగలిగేవే కాబట్టి, మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగేలా నేను వాటిని విడగొట్టాను. ఓస్లోలో దిగి, బర్గెన్ నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్లు తీసుకున్నాను. ఒకే విమానాశ్రయానికి తిరిగి రావడానికి ఒక పగలంతా రైలులో పోగొట్టుకోవడం ఇలా తప్పింది. రైలు, బోటు, బస్సు వేళలన్నీ ఎంతూర్ అన్న యాప్‌లో ఒకేచోట కనిపిస్తాయి. ప్రతి మార్పు దగ్గరా ఎంత వ్యవధి ఉందో అందులో చూసి, పెట్టెలతో, మెల్లగా నడిచే ఇద్దరు పెద్దవాళ్లతో సరిపోతుందా లేదా అని లెక్క వేసుకున్నాను. చాలా తక్కువ వ్యవధి చూపించిన మార్పులను వదిలేసి తర్వాతి బండి తీసుకున్నాను.

వీసా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నార్వే ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు, అయినా ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల సముదాయమైన షెంజెన్ ప్రాంతంలో ఉంది కాబట్టి మనకు షెంజెన్ పర్యాటక వీసా కావాలి. దరఖాస్తును నార్వే ఇమిగ్రేషన్ శాఖ పోర్టల్‌లో నింపి, రుసుము అక్కడే చెల్లించి, తర్వాత కాగితాలతో వీసా దరఖాస్తు కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. 2024 జూన్ నుంచి పెద్దవారికి రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల ముందు వరకూ గడువు ఉంటుంది. వేసవి రద్దీలో ఆ గడువు దాకా ఆగడం మాత్రం క్షేమం కాదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల పాటు పాస్‌పోర్టు చెల్లుబాటు కావాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. అమ్మానాన్నల ఖర్చు నేను భరిస్తున్నాను కాబట్టి ఆ సంగతి తెలిపే లేఖ, మా బంధుత్వానికి రుజువు, నా జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు, వాళ్ల పింఛను జమ అయ్యే ఖాతా స్టేట్‌మెంట్లు జతచేశాను. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది కవరింగ్ లెటర్ మీద: ఏ తేదీన ఎక్కడ నిద్రచేస్తాం, ఏ రైలులో వెళ్తాం, బస నిర్ధారణ ఏ పేజీలో ఉంది అన్నవి వరుసగా రాసిన ఒక చిన్న పట్టిక. మా ప్రయాణం మొత్తం ఒకే దేశంలో, ఒకే ప్రాంతంలో ఉండడం వల్ల ఆ పట్టిక ఒక్క పేజీలో పట్టింది, ఎక్కడా పొంతన కుదరని తేదీ లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నార్వే రైళ్లలో తక్కువ ధర టికెట్లు, అమ్మకం తెరిచిన మొదట్లో, అంటే సుమారు మూడు నెలల ముందు, ఎక్కువగా దొరుకుతాయి. ఆ టికెట్లకు డబ్బు వెనక్కి రాదు. వీసా చేతికి రాకముందే వాటిని కొంటే, రాకపోతే నష్టం. అందుకే బసలన్నీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవి తీసుకొని వాటితోనే దరఖాస్తు చేసి, వీసా ముద్ర పడ్డ రోజునే రైలు టికెట్లు కొన్నాను. దరఖాస్తు తొందరగా చేసుకుంటే రెండూ కలిసివస్తాయి. 67 ఏళ్లు నిండినవారికి అక్కడి ప్రజా రవాణాలో సీనియర్ టికెట్ ఉంటుంది, వయసు చూపే పాస్‌పోర్టు దగ్గరుంటే చాలు. నాన్నగారికి అది వర్తించింది. డబ్బు విషయంలో అక్కడ దాదాపు అన్నిచోట్లా కార్డే చాలు, నోట్ల అవసరం మాకు రాలేదు. మన ఫారెక్స్ కార్డులన్నీ నార్వే కరెన్సీ అయిన క్రోనర్‌ను నింపుకోనివ్వవు, వేరే కరెన్సీలో నింపితే ప్రతిసారీ మార్పిడి రుసుము పడుతుంది; కాబట్టి ఆ మాట బ్యాంకును ముందే అడిగి తెలుసుకోవాలి.

బస ఎక్కడ అన్నది ఈ ఏర్పాట్లన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన నిర్ణయం. అందరూ నారొయ్‌ఫ్యోర్డ్ బోటు బయలుదేరే ఫ్లోమ్‌లో దిగుతారు. కొన్ని వందల మంది మాత్రమే ఉండే ఆ పల్లె రేవుకు వేసవిలో వేలమందిని మోసుకొచ్చే క్రూయిజ్ ఓడలు వస్తాయి. ఏ రోజు ఏ ఓడ వస్తుందో రేవు వాళ్లు ముందే ప్రకటిస్తారు. ఆ జాబితా దగ్గర పెట్టుకొని, ఓడలు లేని రోజున లేదా తక్కువగా ఉన్న రోజున బోటు ఎక్కేలా తేదీలు సర్దాను. వారసత్వ ఫ్యోర్డుల్లోకి వచ్చే 10,000 టన్నుల లోపు ప్రయాణికుల ఓడలు ఉద్గారాలు లేకుండా నడవాలన్న నియమాన్ని నార్వే 2026 జనవరి నుంచి అమలులో పెట్టింది, పెద్ద ఓడలకు 2032 వరకూ గడువిచ్చింది. ఇంత ఇరుకైన లోయలో పొగ ఎటూ పోలేక నిలిచిపోతుంది కాబట్టి ఈ నియమం ఎంతో అవసరమైనదని నేను మనసారా నమ్ముతున్నాను. బసకు మాత్రం ఫ్లోమ్‌కు పది కిలోమీటర్ల లోపే ఉన్న ఆవుర్‌లాండ్ ఊరిని ఎంచుకున్నాను. ఫ్యోర్డు ఒడ్డునే ఊరు, బస్సు ఉంది, కిరాణా కొట్టు ఉంది, కిటికీ తీస్తే నీళ్లు.

వంటగది ఉన్న బస తీసుకోవడం శాకాహారులకు తప్పనిసరి అనే నా అభిప్రాయం. హోటల్ భోజనం ఖరీదు ఎక్కువ, పల్లెల్లో శాకాహారానికి ఎంపిక తక్కువ. ఐరోపా ఆర్థిక ప్రాంతం (ఐరోపా సమాఖ్య దేశాలు, వాటితో పాటు నార్వే వంటి కొన్ని దేశాలు) బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తీసుకెళ్లకూడదు. అందువల్ల నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేసి, కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు, పోపు సామాను మాత్రం సర్దుకున్నాం. అక్కడి వంటగదుల్లో చాలావరకు ఇండక్షన్ పొయ్యిలే ఉంటాయి, అల్యూమినియం కుక్కరు వాటి మీద వేడెక్కదు. చిన్న స్టీలు కుక్కరు ఒకటి పెట్టెలో పెట్టుకున్నాం. బియ్యం, పెరుగు, బంగాళాదుంపలు, క్యాబేజీ అక్కడి కొట్లలో దొరికాయి. ఆదివారం పెద్ద కిరాణా కొట్లు మూసి ఉంటాయని గుర్తుంచుకొని శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. గదిలో పొగను పసిగట్టే అలారం ఉంటుంది కాబట్టి పోపు వేసేముందు కిటికీ తీసి, పొయ్యి పైన ఉన్న చిమ్నీ ఫ్యాను వేసుకోవాలి. కుళాయి నీళ్లే తాగవచ్చు, సీసాలు కొనక్కర్లేదు.

దుస్తుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: లోపల పలుచని ఉన్ని బట్ట, మధ్యలో స్వెటరు, పైన గాలీ వానా చొరని కోటు, జారని బూట్లు. గొడుగు గాలికి ఆగదు.

ఇక దారి ఎలా సాగిందో చెప్తాను. ఓస్లో–బర్గెన్ రైలుమార్గం 1909 నాటిది. అది 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ దగ్గరికి చేరేసరికి జూన్‌లోనూ రెండు వైపులా మంచు కనిపించింది. మ్యూర్దాల్‌లో దిగి ఫ్లోమ్ రైలెక్కాం. 20 కిలోమీటర్ల దారిలో 860 మీటర్లకు పైగా కిందికి దిగే ఈ రైలుకు 20 సొరంగాలు. విశాఖ నుంచి అరకు రైలులో వెళ్లినవారికి సొరంగం దాటగానే కిటికీల దగ్గర రేగే ఆ సందడి వెంటనే గుర్తొస్తుంది. దారిలో శోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర బండి కొన్ని నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారమ్ మీద నిలబడితే తుంపర ముఖానికి కొడుతుంది. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరైన నాన్నగారు అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, ఆ జలపాతం నీటితోనే ఈ రైలుమార్గానికి కరెంటు తయారుచేయడానికి కట్టిన విద్యుత్ కేంద్రం కోసం వెతుక్కున్నారు. నార్వే కరెంటులో దాదాపు 90 శాతం జలవిద్యుత్తేనని చదివి వచ్చిన ఆయనకు ఈ ప్రయాణంలో చూడాల్సిన విషయాల జాబితా వేరే ఉంది.

బోటును ఎంచుకునేటప్పుడు నేను చూసింది వేగాన్నీ ధరనూ కాదు, నిర్మాణాన్ని. ఫ్లోమ్ నుంచి గుడ్‌వాంగెన్‌కు పాత పద్ధతి ఫెర్రీలు కాకుండా 2016లో వచ్చిన విజన్ ఆఫ్ ది ఫ్యోర్డ్స్, 2018లో వచ్చిన ఫ్యూచర్ ఆఫ్ ది ఫ్యోర్డ్స్ అన్న బోట్లు నడుస్తున్నాయి, రెండోది పూర్తిగా బ్యాటరీల మీద నడిచేది. కొండదారిలా మెలికలు తిరుగుతూ బోటు అంచు వెంట పైకి వెళ్లే ఏటవాలు నడకదారి వీటికి ఉంది. మెట్లంటే భయపడే అమ్మ, కమ్మీ పట్టుకొని, మధ్యమధ్య ఆగుతూ తనంతట తానే పై డెక్కు దాకా వెళ్లింది. రెండు గంటల ప్రయాణంలో మొదటి భాగం ఆవుర్‌లాండ్‌ఫ్యోర్డ్ మీద, ఉండ్రెడాల్ పల్లెను దాటుకుంటూ సాగుతుంది. తర్వాత బోటు ఎడమకు తిరిగి నారొయ్‌ఫ్యోర్డ్‌లోకి ప్రవేశిస్తుంది, అక్కడి నుంచి గోడలు దగ్గరవుతాయి. ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లే. ఇంజను మోత లేదు కాబట్టి జలపాతాల చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా వినిపించింది. గోడ మధ్యలో, ఎక్కడో ఎత్తున తెగిపోయినట్టున్న ఒక పక్క లోయను చూపించి అమ్మ, "ఇదిగో, పిల్లలకు చెప్పేదాన్ని, ఇదే వేలాడే లోయ" అని, పక్కనున్న ఒక జర్మన్ దంపతులకు చేతులతోనే వివరించింది.

గుడ్‌వాంగెన్ చేరాక నాన్నగారిని అక్కడి నుంచి కదపడం కష్టమైంది. ఆ చిన్న ఊరి విద్యుత్ లైను బోటుకు ఒక్కసారిగా కావలసినంత కరెంటు ఇవ్వలేదు. అందుకని నీటిమీద తేలే ఛార్జింగ్ వేదిక ఒకటి కట్టి, అందులోని 2.4 మెగావాట్ గంటల బ్యాటరీలను రోజంతా మెల్లగా నింపి, బోటు రాగానే వాటి నుంచి తొందరగా ఎక్కిస్తారు. "చెరువు నింపుకొని తూము తీసినట్టే కదమ్మా" అన్నారాయన, వేదిక చుట్టూ మరోసారి తిరుగుతూ.

బస చేసిన రోజుల్లో ఒక రోజును ఏ కార్యక్రమమూ పెట్టకుండా కావాలనే ఖాళీగా ఉంచాను, దానివల్ల కలిగిన మేలు చాలా పెద్దది. నార్వే వాతావరణ సంస్థ సమాచారం ఇచ్చే వైఆర్ యాప్‌లో గంటగంటకూ మబ్బు, వాన వివరాలు ఉంటాయి. ఫ్యోర్డుకు 650 మీటర్ల ఎత్తున, కొండ అంచు నుంచి 30 మీటర్లు బయటికి చాచి కట్టిన స్టెగాస్టైన్ వీక్షణ వేదికకు వెళ్లాలనుకున్న రోజున మబ్బు కిందికి దిగి ఉంటుందని అందులో చూసి, ఆ పనిని ఖాళీ రోజుకు మార్చాం. వాన పడిన పగలంతా అమ్మ కోరుకున్నట్టే నీళ్ల ఎదురుగా కూర్చొని గడిపింది. మరునాడు స్టెగాస్టైన్ నుంచి ఫ్యోర్డు మలుపు దాకా తేటగా కనిపించింది.

చివరి మజిలీ గుడ్‌వాంగెన్ నుంచి బస్సులో వోస్, అక్కడి నుంచి రైలులో బర్గెన్. వానలకు పేరుపడిన ఆ ఊళ్లో, 1979లో యునెస్కో జాబితాలో చేరిన బ్రిగెన్ రేవులోని చెక్క ఇళ్లను వానలోనే చూశాం, తెరిపి ఇచ్చిన పూట ఫ్లోయెన్ కొండకు వెళ్లే రైలెక్కాం.

గైరాంగర్‌ఫ్యోర్డే చూడాలనుకునేవారు ఈ దారినే పొడిగించుకోవాలని చూడకుండా, ఓలెసుండ్ పట్టణాన్ని కేంద్రంగా పెట్టుకొని వేరే ప్రణాళిక వేసుకోవడం మంచిది. హెల్లెసిల్ట్ నుంచి గైరాంగర్‌కు వెళ్లే ఫెర్రీ సప్తకన్యల జలపాతం ముందు నుంచే వెళ్తుంది, ప్రయాణం గంటకు కాస్త పైన. ఆ వైపు కొండదారులు చలికాలంలో మూసి, మంచు తొలగించాకే తెరుస్తారు. ట్రోల్‌స్టిగెన్ వంటి దారులు కొండచరియలు విరిగిపడే ప్రమాదం వల్ల వేసవిలోనూ మూతపడిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి రోడ్ల శాఖ ప్రకటన చూసుకొని, బస్సు మీద మాత్రమే ఆధారపడకుండా ఫెర్రీతో చేరే దారి కూడా ఒకటి సిద్ధంగా ఉంచుకుని, బసలు రద్దు చేసుకునే వీలున్నవే తీసుకోవాలి.